లస్కరు ఇన్నయ్య పొట్టి ప్రార్థన

బోనకల్ దాటి సాగర్ కాలువ కట్ట ఎక్కిన ఇన్నయ్యకు ఆ ఉదయం దేవుడి కంటే అక్కంటేనే ఎక్కువ భయంగా ఉంది.

అక్క సంపూర్ణ ఫోనులో అంత మాట అన్నది మరి. "తమ్మీ, మనవరాలు పుట్టిందని కృతజ్ఞత కూడిక పెట్టుకున్న. అన్నం ముందు ప్రార్థన నువ్వే చెయ్యి. కానీ పొట్టిగ చెయ్యి. పోయినసారి నువ్వు కండ్లు మూసినప్పుడు పొగలు కక్కిన కూర, నువ్వు తెరిచేసరికి గడ్డకట్టింది. మల్ల గట్లనే చేసినవనుకో, ఇగ అన్నం ప్రార్థన ఎప్పటికీ జస్టిన్ పాస్టరు గారికే ఇస్త."

ఇన్నయ్యకు పాడే గొంతు లేదు. వాక్యం చెప్పేంత చదువు లేదు. సంఘంలో తనదంటూ ఉన్నది ఆ ప్రార్థన ఒక్కటే. పెళ్లయినా, కొత్త ఇల్లయినా, "లస్కరన్నా, కానియ్" అని ఎవరో ఒకరు అన్నాకే విస్తట్లో చెయ్యి పెట్టేవాళ్లు. అదీ పోతే ఇక తానెందుకు?

ప్రార్థన పొడుగయ్యేది పేర్ల వల్లే. "అందరినీ చల్లగా చూడు తండ్రీ" అని ఊరుకోవడం ఆయన లెక్కలో పని ఎగ్గొట్టడమే. ఎవరి పేరు వారికి చెప్పాలి, ఎవరి నొప్పి వారిది విన్నవించాలి. కాలువ మీద లస్కరుగా తూములు తిప్పిన రోజుల్లోనూ అంతే. చిట్టచివరి మడి తడిసిందని కళ్లారా చూస్తే గాని తూము దించేవాడు కాదు.

కార్తీకం వెళ్లిపోతున్న రోజులు. కట్ట మీద గడ్డి మంచుకు తడిసి చెప్పులు జారుతున్నాయి. ఒక పక్క కోసిన వరి మోళ్లు, ఇంకో పక్క విచ్చుకున్న పత్తి. ఇన్నయ్య నడుస్తూనే సాధన మొదలుపెట్టాడు.

"తండ్రీ, ఈ అన్నాన్ని దీవించు. ఆమేన్."

భేషుగ్గా ఉంది. నాలుగడుగులు వేశాడో లేదో, వండినవాళ్లు గుర్తొచ్చారు. పాపం, పొగలో కూర్చొని కళ్లు మండించుకున్నవాళ్లను ఎట్లా వదిలేస్తాం?

పత్తి చేలోంచి ద్వాలి కేకేసింది. ఒడి నిండా పత్తితో, పక్క తండా నుంచి కూలికి వచ్చింది. "లస్కరన్నా, ప్రార్థనకేనా? మా బిడ్డ భార్గవి పోలీసు పరీక్ష రాసింది. జర దాని పేరు చెప్పు."

"ఇయ్యాల పేర్లు బందు చెల్లే. మా అక్క ఆర్డరు."

"ఒక్క పేరుకు మీ అక్క కూర ఆరిపోతదా?" అంటూ గట్టు మీద దాచుకున్న సీతాఫలాలు రెండు ఆయన చేతిలో పెట్టింది. పండ్లు తీసుకొని పేరు కాదంటే ఏం బాగుంటుంది? ఇన్నయ్య తల ఊపాడు.

కొంత దూరం పోయాక అదే తండా మంగీలాల్ పక్కన మోటారు సైకిల్ ఆపాడు. "ఎక్కు సారూ, జల్దీ దింపుతా."

"వద్దు బిడ్డా. నీ బండెక్కితే క్షేమంగా దింపమన్న ప్రార్థన తప్ప ఇంకోటి నోటికి రాదు."

మంగీలాల్ పకపకా నవ్వాడు. "అయితే నడువు. మా బర్రె ఈనేటట్టున్నది, జర చెప్పు. మా సేవాలాల్ మహరాజ్‌కు నేను చెప్పిన. మీ దేవుడికి నువ్వు చెప్తే రెండు దిక్కులా ఖాయమైతది."

బర్రె కూడా చేరింది. ఇన్నయ్య తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. అప్పుడు తట్టింది ఉపాయం. పేర్లన్నీ ఈ కట్ట మీదే చెప్పేస్తే, అక్క ఇంట్లో చెప్పడానికి ఏం మిగులుతుంది? తన తెలివికి తనకే ముచ్చటేసింది. ఫోను నోరు నొక్కి జేబులో పెట్టి, పాత తూము దిమ్మె మీద కూర్చొని కళ్లు మూశాడు.

అక్క మోకాళ్లతో మొదలైంది. అక్క కోడలు తబితాకు పాలు పడాలి. అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో నైట్ డ్యూటీ చేసే అక్క కొడుకు క్రిస్టోఫర్‌కు కంటి నిండా నిద్ర పట్టాలి. పాప మహిమ, భార్గవి, బర్రె, బర్రె కడుపులోని దూడ, పొయ్యి దగ్గరి ఆడవాళ్లు... ఒక్కరినీ వదలలేదు. ఆమేన్ అని కళ్లు తెరిస్తే ఎండ నడినెత్తిన ఉంది.

పరుగులాంటి నడకతో అక్క ఊళ్లోకి వచ్చేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయి. అన్నం, కూర వడ్డించి ఉన్నాయి. గరిట పట్టుకుని సంపూర్ణ గుమ్మంలోనే ఎదురైంది.

"యాడ పోయినవ్ రా? బోనకల్ నుంచి తాబేలైనా ఈపాటికి వచ్చేది!"

"పొట్టి ప్రార్థన కోసమే ఆలస్యమైందక్కా."

అందరూ తలలు వంచారు. "తండ్రీ, ఈ అన్నాన్ని దీవించు. ఆమేన్" అన్నాడు ఇన్నయ్య.

ఎవరూ కదల్లేదు. ఎవరి కళ్లూ తెరుచుకోలేదు. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడని అందరూ ఓపిగ్గా కాచుకున్నారు. చివరికి పక్కింటి పిచ్చయ్య ఒక కన్ను తెరిచాడు. "లస్కరన్నా, ఏంది, నడుమ కరెంటు పోయిందా?"

"అయిపోయింది."

"అయిపోయిందా?" సంపూర్ణ గరిట కింద పెట్టింది. "నా మనవరాలి పేరేది? తబితా పేరేది?"

"కట్ట మీద చెప్పినక్కా. అందర్నీ చెప్పిన. నీ మోకాళ్లు గూడ."

"ఆ దేవుడు ఇన్నడు సరే, నేనినొద్దా? నా బిడ్డలను దీవిస్తుంటే చెవులార ఇనాలని గాదురా నిన్ను పిలిచింది?" అంటూ ఆమె కూర గిన్నె మీద మూత వేసింది. "మల్ల చెయ్యి."

"మరి విస్తట్లో కూర..."

"సల్లారితే సల్లారనియ్!"

జస్టిన్ పాస్టరు నవ్వు ఆపుకుంటూ అప్పటికే కళ్లు మూశాడు. పిచ్చయ్య విస్తరి దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎట్లయినా ఆలస్యమే గద అన్నా, నా షుగరు గూడ కలుపు."

ఇన్నయ్య చేతులు జోడించాడు. "ప్రభువా, ముందుగా మా అక్క సంపూర్ణ..."