డ్రైవరు గారి బస్సు వేడెక్కింది

మా వీధిలో ఆయన్ని అందరూ డ్రైవరు గారనే పిలుస్తారు. రిటైరై సిటీ బస్సు దిగి చాలా కాలమైనా, అన్నం తినేటప్పుడు కూడా ఆయన ఎడమ కాలు క్లచ్చు నొక్కుతూనే ఉంటుందని భార్య చెప్పి నవ్వుతుంది. ఆవిడ మా అందరి బట్టలూ కుట్టే టైలరమ్మ.

కూతురు కొత్తది కొనుక్కుని పాత ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసింది. అందులో బస్సు నడిపే గేమ్ ఒకటి దొరికింది ఆయనకి. ఇక చూడాలి సంబరం! పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ డ్యూటీకి కూర్చునేవారు. కానీ గేమ్‌లో ఊరి మధ్యకి వచ్చేసరికి బస్సు నత్తలా పాకేది.

"ఇంజిను చాలట్లేదు, పెద్దది వెయ్యమ్మా" అన్నారు రిపేరు షాపు అమ్మాయితో.

"పాత మోడల్ కాబట్టి ప్రాసెసర్ మార్చొచ్చు బాబాయ్. కానీ దీని ఫ్యాను చిన్నది, వేడి తట్టుకుంటుందో లేదో" అందా అమ్మాయి.

ఆయన చెవికి మొదటి ముక్కే ఎక్కింది.

కొత్త ప్రాసెసర్‌తో బస్సు గాల్లో తేలిపోయింది. వీధి మలుపు తిరిగేదాకానే. ఆ తర్వాత ల్యాప్‌టాప్ అడుగు పెనంలా కాలడం, ఫ్యాను రొద పెట్టడం, తెరమీద బస్సు ఆగి ఆగి గెంతడం. స్టాపుల్లో బొమ్మ ప్రయాణికులు ఎర్రటి మొహాలు పెట్టి ఆలస్యమైందని ఫిర్యాదులు మొదలెట్టారు.

"సర్వీసంతా నా మీద ఒక్క కంప్లయింటు లేదే! ఇప్పుడు బొమ్మలు కూడా తిడుతున్నాయి" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు.

పక్కన టేబుల్ ఫ్యాను పెట్టారు. అడుగున రెండు దారపు డబ్బాలు ఎత్తు పెట్టారు. తడిగుడ్డ చుట్టబోతుంటే టైలరమ్మ లాక్కుంది. "జ్వరమొచ్చిందనుకున్నారా దానికి? షాపుకి పదండి."

షాపు అమ్మాయి వెనక మూత విప్పింది. ఫ్యానుకీ, వేడి బయటికి పోయే రేకులకీ మధ్య మందంగా పేరుకుపోయిన బట్టల నూగు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వీధిలో అందరి జాకెట్ల రంగులూ ఉన్నాయి అందులో.

డ్రైవరు గారి మొహం వెలిగిపోయింది. "చూశావా! నా బస్సుకి అడ్డం పడింది నీ కుట్టుపనే!"

"దాన్ని నా కటింగు బల్ల మీద పెట్టి ఆడుకోమని నేనన్నానా?" అంది టైలరమ్మ.

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ నూగు తీసి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు కొత్తగా రాసి, గేమ్ పెట్టి చూసింది. చాలా నయం. అయినా కాసేపటికి మళ్లీ మందగించింది. "కొత్త ప్రాసెసర్ వేడి ఈ ఫ్యానుకి మించిపోతోంది బాబాయ్. కాలిపోకుండా అదే వేగం తగ్గించేసుకుంటోంది. సెట్టింగుల్లో మనమే దాని జోరు కొంచెం తగ్గిస్తే, ఆ గెంతులుండవు."

"పెద్ద ఇంజిను వేయించుకుని యాక్సిలరేటర్ నొక్కకూడదా?" డ్రైవరు గారు బిగుసుకుపోయారు.

టైలరమ్మ అడిగింది, "కొండ ఎక్కేటప్పుడు మీ బస్సు వేడెక్కితే ఏం చేసేవారు?"

"నెమ్మదిగా పోనిచ్చేవాణ్ణి."

అనేశాక ఆయనకే నవ్వొచ్చింది. "సరే, తగ్గించమ్మా."

ఇంటికొచ్చాక వేడి ఎంతుందో తెర మూల చూపే అంకె మీద ఓ కన్నేసి ఉంచాలి కాబట్టి, ఆడే పని భార్యకి అప్పగించారు. ఆవిడ స్టీరింగు తిప్పడం ఎరగదు. బస్సు పేవ్‌మెంటు ఎక్కింది, చెత్తకుండీని గుద్దింది, వన్‌వేలో ఎదురెళ్లింది.

"బ్రేకు! బ్రేకు నొక్కవే!" డ్రైవరు గారి పాదం నేలకేసి నొక్కుకుంటోంది.

"అరవకండి, ప్రయాణికులు భయపడతారు."

అంకె పెరగలేదు, బస్సు గెంతలేదు. ల్యాప్‌టాప్ చల్లగానే ఉంది, చెమట పట్టింది ఆయనకే. కానీ ఆవిడ సీటు దిగితేనా! ఇప్పుడు మధ్యాహ్నం మిషను ఆగిందంటే ఆవిడ డ్యూటీ మొదలైనట్టే. పక్కింట్లో ఉండే నాకు కిటికీలోంచి వినిపిస్తూనే ఉంటుంది. "ఎడమకి... ఎడమకే తల్లీ... అది కుడి!"

నిన్న నా జాకెట్ అడగడానికి వెళ్తే, టైలరమ్మ తెర మీంచి తల తిప్పకుండా "చివరి స్టాపు దాకా ఆగమ్మా" అంది.