తోడుగా వచ్చేవారి నంబరు

సలోమికి అరవై రెండేళ్లు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసి బతుకుతోంది. ముట్లు ఆగిన పన్నెండేళ్లకు మళ్లీ రక్తం కనబడింది. ఆ షెడ్డులో ఆడవాళ్లకు ఏం జబ్బొచ్చినా చెప్పేది ఒకటే మాట, మిరప ఘాటుకు వేడి చేసిందని. సలోమి కూడా అదే అనుకుని ఎనిమిది నెలలు మజ్జిగ తాగింది. భర్త పోయాక ఇంట్లో తనొక్కతే. అది వేడి కాదే పిచ్చిదానా అని కసిరేవాళ్లు లేకపోయారు.

చివరికి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ కాగితం మీద ఆమె తరఫున సంతకం పెట్టిన షెడ్డు మేస్త్రి ఆ పూటే వెళ్లిపోయాడు.

రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరమ్మా. గడ్డ పెరగడానికి తనే కొత్త రక్తనాళాలు పుట్టించుకుంది. నీకు అవి బాగా ఎక్కువగా ఉన్నాయి. ఇలాంటిది మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి, చెప్పిన రోజుకల్లా రావాలి."

"మజ్జిగ తాగితే తగ్గినట్టే ఉండేదండీ," అంది సలోమి.

"ఎనిమిది నెలలు ఒక్కరికైనా చెప్పలేదా?"

ఆ పాడు గడ్డ కూడా తనకు కావలసినవాటిని చుట్టూ చేర్చుకుంది, అనుకుంది సలోమి.

బయట నర్సు ఫారం నింపుతూ, తోడుగా వచ్చేవారి ఫోన్ నంబరు అడిగింది. సలోమి తనకు తెలిసిన ఒకే ఒక్క నంబరు చెప్పింది. సరిగ్గా ఉందో లేదో చూద్దామని నర్సు ఆ నంబరుకు ఫోన్ చేసింది.

సలోమి ఒళ్లో ఉన్న చేతిసంచిలో ఫోన్ మోగింది.