నాచారంలో నేను ఊదిన బూర

ఖయామత్, అంటే దునియా ఖతమయ్యే దినం, ఎప్పుడొస్తదో ఎవ్వరికీ తెల్వదంటరు గని, నాచారంలో మాత్రం ఒక ఆదివారం పొద్దుగాలనే వచ్చింది. తెచ్చింది నేనే. మీరు నవ్వుకోండి, నేనైతే ఇప్పటికీ బూర సప్పుడు వింటె ఎగిరి పడత.

అప్పుడే పోచారంలో సాఫ్ట్‌వేర్ నౌకరీల జేరిన. తెలివి కొమ్ములోలె మొలుస్తున్న రోజులు. మా గల్లీల ఖైరున్నిసా ఖాలా తన మేడ మీది గదిల పిల్లలకు దీన్ పాఠాలు, అంటే మతం ముచ్చట్లు, చెప్తుండె. ఎప్పుడు జూసినా ఒకటే మాట: అల్లా దయగలోడు, మస్తు దయగలోడు.

"ఖాలా, ఇది రీల్స్ చూసే కాలం. గిట్ల చెప్తే ఎక్కదు. జర భయం తగలాలె," అన్న.

"భయానికేం కరువు బేటీ? మొదలు దయ చెప్పు."

"ఒక్క ఆదివారం నాకియ్యండి!"

ఇచ్చి, తను పక్క గదిల కూసున్నది. పరదాలన్నీ మూసిన. గోడ మీద మంటల బొమ్మలేసిన. మా అన్న దగ్గరి పెండ్లి బరాత్ స్పీకర్ తెచ్చిన, పిల్ల ఏనుగంత ఉన్నది.

"ఇస్రాఫీల్ అనే దేవదూత బూర ఊదుతడు. దునియా ఖతం! ఆ దినం అమ్మీ ఉండది, అబ్బా ఉండడు. ఎవరి పానం వాళ్ళదే!" అని పిల్లలకు చెప్పిన.

ముందు వరుసల ఏడేండ్ల ఆఫ్రీన్ చెయ్యెత్తింది. "ఆపా, భయమైతుంది."

"అంటే మంచిగ అర్థమైతుందన్నట్టు!" అని బటన్ నొక్కిన.

స్పీకర్ల బూర "భోఁ" అన్నది. ఆ వెంటనే బయట "ఢాం!" కిటికీలు గలగలమన్నయి. కరెంట్ పోయింది. చీకట్ల కాలిన వాసన.

చెప్పేవి నీతులు, దూకేవి మెట్లు! చెప్పులు లేకుండా ఉరికి, గల్లీ మూలన మిర్చి బజ్జీ బండి కాడ పడ్డ.

"ఏమైంది మేడం?" అన్నడు బండి ఆయన.

"ఖయామత్ వచ్చింది అన్నా!"

"గా సప్పుడా? ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. నెలకొకసారి పేలుతది."

ఒక్క నిమిషం పానం నిమ్మళమైంది. అంతలనే యాదికొచ్చింది: పిల్లలు! చీకటి గది, ఇరుకు మెట్లు, ఒకరి మీద ఒకరు పడితే? అసలు భయం అప్పుడు పట్టింది. రెండేసి మెట్లు దాటుకుంట పైకి ఎక్కిన.

పరదాలన్నీ తీసి ఉన్నయి. గది నిండ వెలుతురు. ఖాలా నడుమ కూసున్నది, చుట్టూ పిల్లలు కోడి కింది పిల్లలోలె. ఆఫ్రీన్ ఆమె ఒడిల. "అమ్మ ప్రేమ కంటె అల్లా దయ ఎంతో పెద్దది," అని ఖాలా నిదానంగ చెప్తున్నది. ఒక్కరి కంట్లో నీళ్ళు లేవు, నా కంట్లో తప్ప.

"మాఫ్ చెయ్యండి ఖాలా. మీకు పాఠం అర్థమైందా పిల్లలూ?" అన్న.

"మస్తు అర్థమైంది ఆపా," అన్నది ఆఫ్రీన్. "ఎవరి పానం వాళ్ళదే అన్నవు. ఉరికి కూడ చూపించినవు!"

అందుకే ఇదిగో, అందరి ముందట ఒట్టు పెట్టి కసమ్ తింటున్న: దయ చెప్పనిదే బూర ముచ్చట ఎత్త. ఒకవేళ ఎత్తినా, తలుపుకు దూరంగ, గోడకానుకొని కూసుంట. ఈసారి ఉరకాలంటే పిల్లలందరినీ దాటుకొని ఉరకాలె.