వాన గుంతకు ట్యాంకరు నీళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు (తెలియదని తెలుసుకోవడానికి కూడా కొంత సర్వీసు కావాలి). అనంతపురం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరాను. సీనియర్లందరూ తప్పించుకున్న 'సుస్థిర అభివృద్ధి' పేపరు నా నెత్తిన పడింది. పిల్లలు దాన్ని నిద్ర పీరియడ్ అనేవారు. ఆ పేరు మాపాలని ఫైనలియర్ సివిల్ పిల్లలతో ఆటస్థలం చివర పెద్ద ఇంకుడు గుంత తవ్వించాను. గ్రౌండులో కురిసిన వానంతా అందులోకి చేరాలని నా లెక్క. 'ప్రతి చుక్కా ఒడిసి పడదాం' అని బోర్డు కూడా పెట్టించాను. పట్టడానికి చుక్క పడితే కదా, ఆ ఏడాది మబ్బులు మా మీదుగా కర్ణాటకకు వెళ్లిపోయేవి.

ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. నా ప్రొబేషన్ కూడా అప్పుడే ముగుస్తోంది. కమిటీ మెచ్చితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే ఇంటికే. మా హెడ్ సార్ పిలిచి, "ఏమమ్మా, గుంత ఎండిపోయి ఉండాది. ఏం చేస్తావో నాకు తెల్దు, వాళ్లు వచ్చే టయానికి నీళ్లు పారతా కనపడల్ల" అన్నారు. నేను మరో ఆలోచన లేకుండా ట్యాంకరు తెప్పించాను.

ట్యాంకరు నడిపే భాయ్ గుంతనూ బోర్డునూ మార్చి మార్చి చూశాడు. "నీళ్లు ఎట్ల కాపాడుకోవల్లో చూపించేదానికి నీళ్లు పారబోస్తాండారా మేడమ్?"

"డెమో, భాయ్" అన్నాను గంభీరంగా.

కమిటీ వాళ్లు షామియానా కింద కూర్చున్నారు. నేను మైకు పట్టుకొని వాలు గురించి చెబుతుంటే భాయ్ గ్రౌండు ఎగువన వాల్వు తిప్పాడు. నీళ్లు కొంత దూరం నా మాట విన్నాయి. తర్వాత గుంతకు వీపు చూపించి, ఎర్రమట్టి కలుపుకొని తిన్నగా షామియానా వైపు నడిచాయి. కమిటీ పెద్దాయన మెల్లగా కాళ్లు పైకెత్తుకున్నారు. నేను వాలు లెక్కేసింది కాలేజీ కట్టినప్పటి మ్యాపు చూసి. ఆ తర్వాత వాలీబాల్ కోసం గ్రౌండు చదును చేసిన సంగతి ఆ మ్యాపుకు తెలియదు, నాకూ తెలియదు.

"గుంత తవ్వకముందు వానలో ఈడ ఒక్కసారన్నా తిరిగినారా మేడమ్?" అన్నాడు భాయ్, వాల్వు కట్టేస్తూ. "మా నాయన తొలి వానకు గోనెపట్ట కప్పుకొని చేను చుట్టూ తిరుగుతాండె. నీళ్లు యాడికి పోతాండాయో చూసినాకనే పార పట్టేది."

గార్లదిన్నె పక్కన మా ఊళ్లో మా నాయన చేసేదీ అదే. వానలో తడుస్తూ చేలో తిరిగే ఆయన్ను చూసి చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఎవరమ్మా ఇది డిజైన్ చేసింది?" అని పెద్దాయన అడిగారు. హెడ్ సార్ ఆకాశం కేసి చూశారు. "నేనే సార్, పాత మ్యాపు చూసి. ఈ నీళ్లు కూడా ట్యాంకరువే" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన చెప్పులు దులుపుకుంటూ హెడ్ సార్‌తో, "ఇంకో ఆరు నెలలు ప్రొబేషన్ పొడిగించండి. ఈలోగా ఒక వానన్నా వస్తాది" అన్నారు.

వచ్చింది, ఒక మధ్యాహ్నం, నిద్ర పీరియడ్ మధ్యలో. సుద్దముక్క పడేసి పిల్లలందరినీ బయటికి తోలాను. ఖాళీ సిమెంటు సంచులు నెత్తిన కప్పుకొని నీళ్ల వెంట నడిచాం. అవి క్యాంటీన్ వెనక్కి పోయాయి. కొత్త గుంత అక్కడే తవ్వాం, తర్వాతి వానకు అది నిండింది. ఆ సంతోషంలో నాయనకు ఫోన్ చేసి చెబితే, "ఇది తెలుసుకునేదానికి నిన్ను అంత చదివించల్లనా?" అన్నాడు.

పాత గుంత ఇప్పటికీ అలాగే ఉంది, బోర్డుతో సహా. పూడ్చేస్తామంటే నేనే వద్దన్నాను. ఏటా కొత్త పిల్లల్ని మొదటి క్లాసుకు దాని దగ్గరికే తీసుకెళ్తాను. "ఇంత ఎండు గుంత ఎవరు తవ్వించినారు మేడమ్?" అని అడుగుతారు.

"అన్నీ తెలిసిన మేడమ్ ఒకామె ఉండె లే" అంటాను.