మైకు బాబాయి కొట్టిన దెబ్బ

మైకు బాబాయి పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున, గుంటూరు ఆసుపత్రిలో, కిడ్నీలు పాడై. మా ఊళ్లో ఎవరు పోయినా, ఎవరింట్లో పెళ్లైనా ఆ కబురు ఆయన మైకులోనే వినేవాళ్లం. ఆయన కబురు మాత్రం పిన్ని ఫోను చేసి చెప్పింది. "మీ బాబాయి వెళ్లిపోయాడే అమ్మాయ్" అని ఒక్క మాట అని పెట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నాయి. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

వాళ్లు సాయిబులు, మేం రైతులం. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వరస ఎవరు కలిపారో తెలీదు గానీ, నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆయన నాకు బాబాయి, మా ఆయనకి మావయ్య. మాకు పండగైతే వాళ్లింటికి బూరెలు వెళ్లేవి, వాళ్లకి పండగైతే గోడ మీంచి సేమియా గిన్నె వచ్చేది.

ఆంప్లిఫయరు, రెండు హారన్లు, మూడు మైకులు, ఒక డొక్కు జనరేటరు. అదీ ఆయన సంసారం. వాటిని బిగించడంలో ఆయన చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది. ముందు హారన్ల వైర్లు, తర్వాత మైకు, అన్నీ అయ్యాక ఆఖర్న కరెంటు. సౌండు బటను సున్నా మీద ఉందో లేదో చూడకుండా ఏనాడూ స్విచ్చి వేయలేదు. బాలింతరాలున్న ఇంటివైపు హారన్ తిప్పనిచ్చేవాడు కాదు. పెళ్లిలో భోజనాలకి లేవాలంటే ప్లగ్గు పీకి, ఆ వైరు చుట్ట చంకలో పెట్టుకుని మరీ విస్తరి ముందు కూర్చునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఎవరైనా మైకుని ఊదితే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "ఊదడానికి అదేమన్నా పొయ్యిట్రా? మాట్లాడు, దానికి వినపడుద్ది."

"ఎందుకు బాబాయ్ అంత భయం?" అని ఒకసారి అడిగాను.

"కరెంటుకి మొహమాటం ఉండదమ్మాయ్. పెళ్లికొడుకనీ చూడదు, పెద్దమనిషనీ చూడదు" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పనందుకు నన్ను ఏమన్నా అనండి, పడతాను.

ఆ ఏడు పత్తి మమ్మల్ని నిలువునా ముంచింది. మొక్క నడుమెత్తు పెరిగింది, కాయ మాత్రం లేదు. నకిలీ విత్తనాలు. చిలకలూరిపేట చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా వ్యవసాయ ఆఫీసరు ఒకాయన వస్తానన్నాడు. చేలోనే మీటింగు పెట్టండి, అరగంటే ఉంటానన్నాడు. ఆయన చేలో దిగి చూసి, తప్పు విత్తనానిదే అని రాస్తేనే మాకు పరిహారం. రాయకపోతే ఊళ్లో సగం ఇళ్లలో పొయ్యి వెలగదు. నేను పదో తరగతి చదివానని ఆడవాళ్ల తరఫున నన్ను మాట్లాడమన్నారు. అప్పటిదాకా మైకు ముందు నిలబడి ఎరగను.

మా బోరు మోటారు షెడ్డు పక్కన టెంటు వేశారు. తెల్లారగట్ల వాన పడి నల్లరేగడి జిగురు జిగురుగా ఉంది. చేల మీద వచ్చే లైన్లో మూడు ఫేజులే గానీ, కరెంటు తిరిగి వెళ్లడానికి న్యూట్రలు తీగ ఉండదు. మా వైపు రైతులకి దానికో అలవాటుంది. షెడ్డులో బల్బు కావాలంటే ఒక వైరు ఫేజుకి తగిలించి, రెండోది బోరు పైపుకి చుట్టేస్తారు. బల్బు వెలుగుతుంది. బాబాయి మాత్రం "ఆ కరెంటు నా సెట్టుకి వద్దు" అని జనరేటరు మోసుకొచ్చాడు. సరిగ్గా ఆ రోజే అది మొరాయించింది. ఆయన షెడ్డు వెనక కూర్చుని దాని ప్లగ్గు విప్పి తుడుస్తున్నాడు.

ఈలోగా జీపు వచ్చేసింది. ఆఫీసరు గారు కుర్చీలో కూర్చుని వాచీ చూసుకున్నారు. ఐదు నిమిషాలకి మళ్లీ చూసుకున్నారు. "మీకు మైకు పెట్టుకోవడమే చేతకాకపోతే నేనేం వినాలయ్యా?" అన్నారు. మా ఆయన ఇక ఆగలేకపోయాడు. బల్బు వెలగ్గా లేనిది మైకు పలకదా అని, ఎవరూ చూడకుండా షెడ్డులోకి దూరి, సెట్టు వైరులోని మూడు తీగల్లో ఒకటి ఫేజుకి పెట్టి, మిగతా రెండూ కలిపి మెలేసి పైపుకి చుట్టేశాడు. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. హారన్లు గుయ్యిమన్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

చెప్పులు బురదలో దిగబడుతుంటే గట్టు మీద వదిలేసి నేను మైకు దగ్గరికి నడిచాను.

"అమ్మాయ్! ముట్టుకోకు!"

బాబాయి గొంతు. విన్నాను. విని కూడా చెయ్యి చాపాను. మళ్లీ మొదలెట్టాడు చాదస్తం, ఆఫీసరు వెళ్లిపోతుంటే ఈయనకేం పట్టింది అనుకున్నాను. నా వేళ్లు మైకుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. షెడ్డులోంచి ఎండు పత్తికట్టె ఒకటి లాక్కొచ్చి ఫెడీమని నా మణికట్టు మీద కొట్టాడు. కట్టె విరిగింది. నెత్తురొచ్చింది.

ఊరంతా చూస్తోంది. "నీకేం పోయేకాలం బాబాయ్!" అని అరిచాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మా ఆయన పరిగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "ఆడదాని మీద చెయ్యి చేసుకుంటావా మావా?"

బాబాయి విడిపించుకోలేదు. జేబులోంచి టెస్టరు తీసి మైకుకి ఆనించి, వెలుతురికి అరచెయ్యి అడ్డం పెట్టి చూపించాడు. లోపల ఎర్రగా వెలిగింది.

పైపు తుప్పు పట్టి ఉంది. చుట్టిన వైర్లు దానికి సరిగా ఆనలేదు. నేలలోకి పోవాల్సిన కరెంటు పోలేక, కలిపి మెలేసిన ఎర్తు తీగ వెంట పెట్టె ఇనుములోకీ అక్కణ్నుంచి మైకులోకీ వచ్చి కూర్చుంది. హారన్లు గుయ్యిమన్న తీరుని బట్టే ఆయనకి తెలిసిపోయిందట. వట్టికాళ్లతో తడినేల మీద నుంచుని నేను గనక దాన్ని పట్టుకుని ఉంటే, ఇవాళ ఈ మాటలు రాయడానికి ఉండేదాన్ని కాదు.

ఆఫీసరు గారు లేచి నిలబడ్డారు. "మీటింగని పిలిచి మనుషుల్ని చంపుతారా? ఎవరు కలిపారిది? దొంగ కరెంటు వాడినోళ్ల మొహం చూసి నేను పరిహారం రాయాలా?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేనండి" అన్నాడు బాబాయి. "సెట్టు నాది, తప్పూ నాదే. రైతులకి సంబంధం లేదు. రెండు నిమిషాలు కూర్చోండి సార్, జనరేటరు ఆడిస్తాను."

మా ఆయన నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆఫీసరు గారు గొణుక్కుంటూ కూర్చున్నారు, తర్వాత చేలో దిగారు, రాయాల్సింది రాశారు. బాబాయికి మాత్రం ఆ మచ్చ ఉండిపోయింది. రెండేళ్లు మా ఊరి పెళ్లిళ్లకి పక్కూరి మైకు సెట్లు వచ్చాయి. "ఆయనా? మనిషిని చంపబోయాడుగా" అనేవాళ్లు. అది విని కూడా ఆయన మాకేసి నిష్ఠూరంగా ఒక్క చూపు చూసింది లేదు. పోనీ నిజం చెప్పేద్దాం బాబాయ్ అని ఓసారి నేనంటే, "మీవాడి మీద కేసవుద్ది, ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాం. సుఖంగా ఊరుకున్నాం, సిగ్గులేకుండా. ఆ తీగ చుట్టింది మైకు బాబాయి కాదు, మా ఆయన. ఇది రాస్తున్నానని చెబితే, "రాయి, నా తప్పని పెద్దక్షరాల్తో రాయి" అని తల దించుకున్నాడు.

ఆ రోజు జనరేటరు ఆడాక అంతా సరిగ్గానే ఉంది. మైకు పలుకుతోంది. నాకే చెయ్యి రాలేదు. ముందుకి చాపుతాను, వెనక్కి లాక్కుంటాను. ఆఫీసరు గారు మళ్లీ వాచీ చూసుకున్నారు.

బాబాయి మళ్లీ టెస్టరు పెట్టి చూశాడు. అప్పుడు చెప్పులు విడిచి, నా పక్కన ఆ బురదలో వట్టికాళ్లతో నిలబడి, మైకుని నిండు పిడికిలితో పట్టుకుని నా నోటి దగ్గర పెట్టాడు.

"ఏదన్నా ఉంటే ముందు నాకు. నువ్వు మాట్లాడమ్మాయ్."

చేసిన తప్పుకి దండన అనుభవిస్తున్నాడనుకుని జనం ఆయన్ని ఎగాదిగా చూస్తున్నారు. నేను మాట్లాడాను. నేను మాట్లాడినంతసేపూ ఆ పిడికిలి సడలలేదు.