పాల్సా దిబ్బల సందేహంతో సాగర్ చేపల రేవుకు

గురజాల నుంచి విజయపురి సౌత్‌కు జనం డ్యామ్ చూడటానికి వెళతారు. నేను ఈ ఆదివారం వెళ్లింది దూదితో వచ్చిన తంటా తీర్చుకోవడానికి. నేను జాగ్రఫీ టీచర్ని. ఉత్తర దేశాల్లో, కుళ్లీ కుళ్లని నాచు పేరుకున్న చిత్తడి నేలల్లో పాల్సాలనే దిబ్బలుంటాయి. వాటి కడుపులో నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పైన మంచు మందంగా కురిస్తే ఆ గడ్డ కరుగుతుందని పదో తరగతిలో చెప్పాను. శ్రావణి అనే అమ్మాయి రెండు ట్రేలలో తడి కొబ్బరిపొట్టు గడ్డకట్టించి, ఒకదాని మీద మంచుకు బదులు దూది కప్పి తెచ్చింది. తీరా చూస్తే కప్పనిది కరిగింది, కప్పింది రాయిలా ఉంది. పిల్లలు నవ్వారు. నాకు ఒళ్లు మండి, "నువ్వే ఏదో తప్పు చేశావు" అని అందరి ముందూ కసిరి, సోమవారం ప్రదర్శన జాబితాలో ఆ పిల్ల పేరు కొట్టేశాను. తర్వాత పుస్తకం తిరగేస్తే నేను చెప్పిందే ఉంది. ఆ పిల్ల చేసినదాంట్లోనూ తప్పు దొరకలేదు. ఇద్దరం ఎలా ఒప్పవుతాం? ఐసుతో రోజూ పనిచేసేవాళ్లనే అడుగుదామని బయల్దేరాను.

పొద్దున ఐదున్నరకు బస్సెక్కి, మాచర్లలో దిగి ఇడ్లీ తిని, అక్కడి నుంచి షేర్ ఆటో పట్టుకున్నాను. రానూపోనూ మూడొందలు సరిపోతాయి. ఆటో నడిపే కోటేశ్వరరావుకు సంగతి చెబితే, "ఏంది మేడమ్, మంచు పడితే నేల వెచ్చబడుద్దా? ఎండ చానా తగిలినట్టుందే మీకు!" అన్నాడు. నాకూ అదే అనుమానంగా ఉంది.

రేవులో నాగమ్మ అనే ఆవిడ థర్మాకోల్ పెట్టెల్లో చేపలు సర్దుతోంది. నా గోడంతా విని, చెయ్యి ఆపకుండానే అడిగింది.

"గడ్డకట్టినాకగా దూది కప్పింది? లోపలి చలి లోపలే ఉంటది టీచరమ్మా. అదే వేడి చేపను పెట్టెలో పెట్టి, మూతేసి, ఐసంతా మూత మీద పోస్తే?"

"చేప చల్లబడదు."

"కుళ్లిపోద్ది కూడా. మూతకేం తెలుసు, చలో వేడో? లోపల ఏదుంటే దాన్నే కాస్తది."

డ్యామ్ వైపు నడుస్తూ ఆలోచించాను. చలికాలం మొదట్లో నేలలో వేసవి వేడి ఇంకా మిగిలి ఉంటుంది. అప్పుడే మంచు దట్టంగా కప్పేస్తే బయటి చలి లోపలికి దిగదు. దిబ్బ నెత్తిన మంచును గాలి ఊడ్చేస్తుంది కాబట్టి అక్కడ చలి లోతుగా దిగి గడ్డ నిలుస్తుంది. ఎండలు మొదలయ్యాక మిగిలిన మంచు మాత్రం చలినే కాస్తుంది. శ్రావణి చూపింది ఆ ఎండల వేళ. నేను చెప్పింది చలికాలం. మరి మొత్తమ్మీద మంచు పాల్సాకు మేలా, కీడా? ఎప్పుడు పడింది, ఎంత పడింది అన్నదాన్ని బట్టి అని సర్దిచెప్పుకున్నాను గానీ, నా బుర్రకు పూర్తిగా ఎక్కలేదు.

అక్కడి నుంచే శ్రావణికి ఫోన్ చేశాను. "నీ ట్రేలో తప్పు లేదమ్మా. తప్పు నాదే. నీ పేరు మళ్లీ రాస్తాను."

"సరే టీచర్. కానీ మీరు తిట్టింది అందరి ముందు కదా. ఫోన్లో చెబితే నాకొక్కదానికే తెలుస్తది."

తప్పు చేస్తే ఒప్పుకోవాలని ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. నేను ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు, సిగ్గేసింది. మీరు వెళ్లేటట్టయితే ఎనిమిదిలోపు రేవుకు చేరండి. ఆ తర్వాత పెట్టెలు లారీకెక్కిస్తారు, మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. నేను మాత్రం రేపు ప్రార్థన గంట కొట్టేలోగా బడిలో ఉండాలి. మైకు ముందు మొదటి మాట ఏమనాలో ఇంకా తెలియడం లేదు.