పన్నెండు బార్ల పాట

ఆ రోజుల్లో "రాదు" అనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఇరవై మూడేళ్ల వయసులో చాలామందికి ఈ జబ్బు ఉంటుందట కానీ, నాకు మాత్రం అది బాగా ముదిరింది. ఏలూరులో మా చర్చిలో ప్రతి ఆదివారం కీబోర్డు వాయించేవాణ్ణి. ఫోనులో వీడియోలు చూసి కొత్త పాటలు పట్టేసేవాణ్ణి. సంగీతం డిప్లొమా కాయితం ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగేవాణ్ణి (ఎవరూ చూపించమని అడగలేదు, నేనే చూపించేవాణ్ణి). ఈ సరంజామాతో తాడేపల్లిగూడెం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ మాస్టారుగా చేరాను. చేరిన ఏడాదే పదకొండు మంది పిల్లల్ని స్టేజి ఎక్కించి, వాళ్ల పరువూ నా పరువూ ఒకే పాటలో తీసేశాను. ఎలా తీశానో చెబుతాను. ఇప్పుడు నవ్వొస్తోంది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మా కరస్పాండెంటు గారికి గుండుగొలను వైపు చేపల చెరువులుండేవి. మెత్తని మనిషి. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఒకసారి బంధువుల పెళ్లికి బెంగళూరు వెళ్లినప్పుడు అక్కడ ఏదో స్కూలు పిల్లల బ్యాండు చూసి వచ్చారు. రాగానే నన్ను పిలిపించారు. "ఏవండీ మాస్టారూ, పిల్లలు సూట్లేసుకుని, బాకాలు పట్టుకుని, ఇలా ఇలా ఊగుతూ వాయిస్తున్నారండీ. చూడముచ్చటగా ఉంది. జాజ్ అంటారట. మన స్కూలుకీ ఒకటి పెడదామండి. యాన్యువల్ డేకి అయిపోతుందా?" యాన్యువల్ డేకి మూడు నెలలుంది. నేను అప్పటికి శాక్సోఫోన్‌ని బొమ్మలో తప్ప చూడలేదు. "అయిపోతుందండి," అన్నాను. అక్కడితో ఊరుకోకుండా, "బ్లూసూ స్వింగూ రెండూ నేర్పుతానండి, జాజ్‌కి అవే పునాది," అని నా విద్వత్తు కూడా కాస్త ఒలకబోశాను. "స్వింగంటే ఊయలేగా అండీ? స్టేజి మీద కట్టించమంటారా?" అన్నారాయన. కాదండి, అదొక రకం నడక అన్నాను. "మరి బ్లూసంటే?" అన్నారు. "అదొక... బాధండి," అన్నాను. ఆయన ఆ బాధ సంగతి పట్టించుకోలేదు. నీలం రంగు అని మాత్రం డైరీలో రాసుకున్నారు.

ఆగస్టు పదిహేనుకి కవాతు చేసే పాత బ్యాండు సామాను స్కూల్లో ఎలాగూ ఉంది. రెండు ట్రంపెట్లు, గొట్టం సగంలో పట్టేసే ఒక ట్రాంబోను, నాలుగు చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, ఒక జత తాళాలు. శాక్సోఫోన్లు లేవు. ఏలూరులో ఒక పెళ్లి బ్యాండు మూతపడితే వాళ్ల దగ్గర రెండు కొన్నాం. వాటితోపాటు వాటి మాస్టారు కూడా వచ్చారు. డెబ్బై దాటిన సాయిబు గారు, నలభై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల ముందు శాక్సోఫోన్ వాయించిన మనిషి. "అమ్మేశాను గానీ మనసాగదండి. వారానికోసారి వచ్చి చూసి పోతాను, ఏమీ అనుకోకండి," అన్నారు. అలా ప్రతి గురువారం పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి, తెల్లటి టోపీ పెట్టుకుని వచ్చేవారు. కూతుర్ని అత్తారింట్లో చూసిపోవడానికి వచ్చిన తండ్రిలా ఓ మూల కూర్చునేవారు. పిల్లలు ఆయనకి శాక్సు తాతగారు అని పేరు పెట్టారు.

ఇక పాటలు ఎంచడం. చెప్పుకుంటే సిగ్గుచేటు. పిల్లలకి ఏది వస్తుందో చూసి పాట ఎంచాలి. నేను నాకు ఏది ఇష్టమో చూసి ఎంచాను. మొదటిది పరుగుల స్వింగు, వింటుంటే కాళ్లు నిలవవు. ఇంటర్నెట్‌లో దొరికిన కాయితాలు జిరాక్సు తీయించి పంచాను. అందులో ఐదు శాక్సోఫోన్లకి రాసి ఉంది, మాకున్నవి రెండు. ట్రంపెట్‌కి రాసిన స్వరాలు అటక మీద ఉన్నాయి, మా పిల్లలు ఇంకా అరుగు కూడా ఎక్కలేదు. పది రోజులయ్యాక రెండోది తెచ్చాను. నెమ్మదైన బ్లూసు, నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తేలికని నా లెక్క. నెమ్మదిగా వాయించాలంటే ఊపిరి ఎక్కువ కావాలని నాకేం తెలుసు? పిల్లలు మధ్యలో గుటకలు మింగేవారు. వెనక నుంచి ఒకడు, "సార్, నిద్రొస్తుందండి," అనేవాడు. మూడోదాని మీద 'ఈజీ' అని రాసుంది. ఎవరికి ఈజీయో రాయలేదు. ఏ పాట ఎత్తుకున్నా ఆ నాలుగు డ్రమ్ములూ దాన్ని కవాతులోకి దింపేవి. గ్రౌండులో పీఈటీ సారు మాత్రం చాలా సంతోషించారు. "మీ జాజ్ బాగుందండీ, పిల్లలకి స్టెప్పు కరెక్టుగా పడుతోంది," అన్నారు. ఆ సాయంత్రం ఏలూరు బస్సులో కిటికీకి తలానించి, ఈ ఉద్యోగం మానేసి ఏదైనా మందుల షాపులో చేరితే ఎలా ఉంటుందా అని ఆలోచించాను.

అంతవరకూ నోరెత్తని తాతగారు ఒక గురువారం దగ్గరకొచ్చి, "మాస్టారూ, ఒక మాట అంటే కోపం తెచ్చుకోరు కదా? పెళ్లికొడుకు ఇంకా స్నానానికే లేవలేదండి. మీరప్పుడే అప్పగింతలు వాయించేస్తున్నారు," అన్నారు. నాకు కోపం వచ్చింది. అయినా ఆయన్ని కూర్చోబెట్టి, అసలు బ్లూసంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. పన్నెండు బార్లు ఉంటాయి (ఈ ముక్క ఇంట్లో అంటే మా అమ్మ, పన్నెండు బార్లేమిట్రా, బడికేనా నువ్వు వెళ్తున్నది, అని కంగారుపడింది). బార్ అంటే నాలుగు దెబ్బల లెక్క. నాలుగు బార్లలో ఒక మాట, తర్వాత నాలుగింట్లో మళ్లీ అదే మాట, ఆఖరి నాలుగింట్లో దానికి సమాధానం. ఫోనులో ఒకటి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని మొత్తం విన్నారు.

"ఒక మాట అనడం, ఎవరూ పలకలేదని మళ్లీ అదే అనడం, ఆఖరికి జవాబు తనే చెప్పుకోవడం. ఇంతేనా అండీ?"

"అంతేనండి."

"మా ఆవిడ పోయాక ఇంట్లో నేను రోజూ చేసే పనేనండి ఇది," అని టోపీ సర్దుకున్నారు.

ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. నేను ఫోను జేబులో పెట్టేశాను. ఆ రాత్రే కూర్చుని (కాయితాలన్నీ అవతల పెట్టి) మాకున్న వాయిద్యాలకి, మా పిల్లలకి వచ్చిన ఐదంటే ఐదు స్వరాలతో, పన్నెండు బార్ల పాటొకటి రాశాను. ట్రంపెట్లు ఒక మాట అంటాయి, శాక్సోఫోన్లు ఊఁ కొడతాయి. పట్టేసిన ట్రాంబోనుకి, అది పట్టేసిన చోట వచ్చే స్వరమే ఇచ్చాను. మర్నాడు వాయిద్యాలు ముట్టుకోనివ్వకుండా ముందు పాడమన్నాను. పాడటానికి మాటలు కావాలి కదా, మాటలేం పెడదాం అంటే హాస్టల్ పిల్లలు అరగంటలో కట్టేశారు. "పప్పుచారులో ములక్కాడ కనబడలేదూ... పప్పుచారులో ములక్కాడ కనబడలేదూ... వార్డెన్ గారి కంచంలో కనబడిందీ!" ఇంత చక్కటి బ్లూసు నేను ఇంతవరకూ వినలేదు. వాళ్లు దాన్ని నవ్వుతూ పాడలేదు, నిజంగా బాధపడుతూ పాడారు. డ్రమ్ములు కవాతు మర్చిపోయి బద్ధకంగా ఊగడం మొదలుపెట్టాయి.

వాళ్లందరిలోకీ ఆ పాట బాగా పట్టింది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె. కలిదిండి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది, మొదటి ట్రంపెట్ తనదే. మామూలుగా నోట్లోంచి మాట రాని పిల్ల. ట్రంపెట్ పెదాలకి పెట్టుకుంటే మాత్రం ములక్కాడ కోసం వీధికెక్కి అడిగినట్టుండేది. తాతగారు తలూపుతూ, "ఈ పిల్ల పెళ్లిబ్యాండులో ఉంటే మా బ్యాండు మూతపడేది కాదండి," అన్నారు.

యాన్యువల్ డే ఇంకో పది రోజులుందనగా కరస్పాండెంటు గారు రిహార్సలు చూడటానికి వచ్చారు. పాట మొత్తం విన్నారు. "బాగానే ఉంది గానీ మాస్టారూ, ఏడుపులా ఉందండి. గెస్టులొచ్చే రోజున ఏడుపెందుకండీ? మొదట్లో పరుగు పరుగున ఉండేదొకటి నేర్పారు కదా, అది పెట్టించండి. ఇన్విటేషన్‌లో కూడా అదే వేయించేశాను," అన్నారు. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. అది పిల్లలకి రాదండి, ఇది వచ్చండి. అంతే. నేను "అలాగేనండి," అన్నాను. ఆయన వెళ్లాక కలిదిండి అమ్మాయి నా దగ్గరకొచ్చి, "సార్, అది మాకు రాదండి," అంది. "వస్తుందమ్మా, పది రోజులుంది," అన్నాను. తాతగారు శాక్సోఫోన్‌ని గుడ్డతో తుడుస్తూ, "మీ ఇష్టమండి," అని మాత్రం అన్నారు. ఆ తర్వాతి గురువారం ఆయన రాలేదు.

యాన్యువల్ డే సాయంత్రం సంగతి పొడిగించను. బ్లూసు కదా అని కరస్పాండెంటు గారు పిల్లలకి నీలం సూట్లు కుట్టించారు. దర్జీ కాలర్లు ఎంత బిగించాడంటే, ఊదేవాళ్ల మెడలు లోపలే ఉండిపోయాయి. నేను చెయ్యి ఊపాను. ఎనిమిదో బారుకల్లా ట్రంపెట్లు ఒక ఊళ్లో, శాక్సోఫోన్లు ఒక ఊళ్లో, డ్రమ్ములు ఎప్పటిలా ఎర్రకోట దగ్గరా ఉన్నాయి. ఒక్కొక్కరే ఆపేశారు. పెద్ద డ్రమ్ము కుర్రాడు కూడా అటూ ఇటూ చూసి కర్ర దించేశాడు. ఒక్క కలిదిండి అమ్మాయి మాత్రం ఆపలేదు. ఏం జరిగినా పాట చివరిదాకా వాయించాలని నేనే చెప్పాను. తన వంతుకి ఆ చోట రాసి ఉన్నది రాగం కూడా కాదు, మిగతావాళ్ల రాగం మధ్య పడే ఉత్త అడ్డుదెబ్బలు. అంత పెద్ద గ్రౌండులో ఆ పిల్ల ఒక్కత్తీ కాయితం వంకే చూస్తూ "పాప్" అంటుంది, ఆగి లెక్కపెట్టుకుంటుంది, మళ్లీ "పాప్" అంటుంది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత తల్లిదండ్రులు నవ్వారు, గెస్టుగారు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలీదు. ఆఖరి "పాప్" అయ్యాక ఆ పిల్ల దండం పెట్టి దిగిపోయింది. నా వైపు చూడలేదు.

మర్నాడు హాస్టల్ పిల్లలకి నాలుగు రోజులు సెలవిచ్చారు. సామాను సర్దుతుంటే కరస్పాండెంటు గారు, "ట్రంపెట్ ఒకటి తక్కువుందండి. ఆ కలిదిండి పిల్ల పట్టుకెళ్లినట్టుంది, కాస్త తెచ్చేస్తారా?" అన్నారు. ఆకివీడులో బస్సు మారి కలిదిండి వెళ్లాను. ఊరి బయట చెరువుల మధ్య వాళ్ల ఇల్లు. తండ్రి చెరువు కాపలా, ఆ వేళకి మేత చల్లడానికి వెళ్లాడు. తల్లి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లిచ్చింది. అమ్మాయి తుండుగుడ్డలో చుట్టిన ట్రంపెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టి గుమ్మంలో నిలబడింది.

"తప్పు నాదమ్మా," అన్నాను.

"అయ్యో, మాస్టార్లు అలా అనకూడదండి," అంది తల్లి.

"మీకు రాదని నాకు తెలుసు. తెలిసే వాయించమన్నాను."

"మరి వస్తుందని ఎందుకన్నారండి?" అంది పిల్ల.

"ఆయనకి చెప్పడానికి భయమేసింది."

ఆ పిల్ల నా ఒళ్లోని ట్రంపెట్ వంక చూసింది. "సార్, ఆ పాట మీరు ట్రంపెట్ మీద వాయించి చూశారాండి?"

"లేదమ్మా."

"అసలు ట్రంపెట్ ఎప్పుడైనా వాయించారాండి?"

మూడు నెలలపాటు ఏ వేలు ఎక్కడ నొక్కాలో కర్రతో చూపించిన మనిషిని నేను. "లేదమ్మా," అన్నాను.

"అయితే ఇప్పుడు వాయించండి."

ఊదాను. గాలి వచ్చింది. బలం పెట్టి మళ్లీ ఊదాను. ఈసారి శబ్దం వచ్చింది. కట్టు తెంచుకున్న దున్నపోతు అలా అరుస్తుందేమో తెలీదు కానీ, చెరువు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. తల్లి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని వంగిపోయి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "పెదాలు అలా వదిలేయకూడదండి. 'మ్' అనండి. ఆఁ, అలాగే ఉంచి ఊదండి. బుగ్గలు ఉబ్బించకండి సార్," అంటూ నాకు గంటసేపు పాఠం చెప్పింది. చివరికి నాకు ఒక స్వరం వచ్చింది. ఒక్కటే. అప్పుడు ట్రంపెట్ తను తీసుకుని, చెరువు గట్టు వైపు తిరిగి, మా పన్నెండు బార్ల పాట మొత్తం వాయించింది. తల్లికి ఆ మాటలు ముందే తెలుసు కాబోలు, ములక్కాడ దగ్గరకొచ్చేసరికి మెల్లగా గొంతు కలిపింది.

ట్రంపెట్ తీసుకురాలేదు. సెలవులయ్యాక ఆ అమ్మాయే తెస్తుందండి అని అక్కణ్ణుంచే కరస్పాండెంటు గారికి ఫోన్ చేసి చెప్పాను. "అలాగేనండి," అన్నారాయన, ఎప్పటిలాగే మెత్తగా. "సెలవులయ్యాక మీరు మాత్రం రానక్కర్లేదండి." ఆ బ్యాండు తర్వాత ఏమైందో, ఆ పిల్ల మళ్లీ ట్రంపెట్ పట్టుకుందో లేదో నాకు తెలీదు. తాతగారి ఇల్లు వెతుక్కుంటూ ఒకసారి వెళ్లాను. గుంటూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారని చెప్పారు. ఇప్పుడు నేను పనిచేసే చోట పిల్లలకి పాట ఇవ్వాలంటే ముందు ప్రతి వంతూ నేనే వాయించి చూసుకుంటాను (దున్నపోతు కాస్త మెరుగుపడింది). వాళ్లకి రాదనిపిస్తే, ఎవరి ముందైనా సరే, రాదనే చెబుతాను. అది నేర్చుకోవడానికి పదకొండు మంది పిల్లల సాయంత్రం ఒకటి ఖర్చయింది. అది మాత్రం ఎన్నేళ్లయినా తీపిగా మారలేదు.

కలిదిండి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో పక్క సీటు పెద్దావిడ నా మూతి వంక అదే పనిగా చూసి, "ఎవరితోనన్నా గొడవపడ్డావా బాబూ? అలా వాచిపోయిందేం?" అంది. కాదండి, ట్రంపెట్ అండి అన్నాను. ఆ పేరుతో ఏ పురుగుందనుకుందో మరి, "వెళ్లగానే పసుపు రాసుకో, విషం లాగేస్తుంది," అంది. ఇంటికెళ్లి రాసుకున్నాను కూడా. పచ్చటి మూతితో, నీరసంగా, ఉద్యోగం లేకుండా అద్దంలో నిలబడి ఉన్న ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. వాడు అలాగే, ఆ పసుపుతోనే వంటింట్లోకి వెళ్లి, పీట వాల్చుకుని కూర్చుని, "అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు.